సూటు పోగానా?

ఫిబ్రవరి చివరి వారం, తెల్లవారుజామున నాలుగున్నర. అనంతపురం బస్టాండులో బెంగళూరు బస్సెక్కేటప్పటికి నా సంచిలో మూడు జతల బట్టలు, లాప్‌టాప్, ఒక చీనీకాయల పట్టీ, అంటే మండీ రైతుకిచ్చే అమ్మకం లెక్క కాగితం, ఉన్నాయి. పట్టీలో తూకం 2,592 కిలోలు, టన్ను ధర 30,000 రూపాయలు, కమిషన్, హమాలీ పోకముందు రైతుకు రావలసింది 77,760 రూపాయలు అని ఉంది. లెక్కలో ఎక్కడా పొరపాటు లేదు. అయినా పట్టీ తప్పు. రైతుకు 8,640 రూపాయలు తక్కువ పడింది. ఆ పట్టీ వేసింది మనిషి కాదు, ఏఐ ఏజెంట్. ఏ పని ఎలా చేయాలో దానికి రాసిపెట్టింది నేను.

సాఫ్ట్‌వేర్‌కు వివరణలు రాయడం నా వృత్తి. బెంగళూరు జయనగర్‌లోని ఒక చిన్న కంపెనీ పండ్ల మండీలకు లెక్కల సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. వాళ్లకు నేను అనంతపురంలో ఇంట్లో కూర్చునే రాస్తుంటాను. నిరుడు వాళ్లు ఆ సాఫ్ట్‌వేర్ చేసే పనులను ఏఐకి అందించాలనుకున్నారు. గుమాస్తా ఫోను పట్టుకుని "పదిహేడో లాట్‌కు పట్టీ వెయ్యి" అంటే చాలు, ఏజెంట్ తూకం తెచ్చుకుని, ధర తెచ్చుకుని, పట్టీ సిద్ధం చేయాలి.

దీనికిప్పుడు ఒక ఉమ్మడి పద్ధతి ఉంది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ బయటపెట్టిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, పొట్టిగా ఎంసీపీ. సాఫ్ట్‌వేర్ చేయగల ఒక్కో పనిని ఒక్కో టూల్‌గా చూపిస్తారు. టూల్‌కు ఒక పేరు, కొన్ని వాక్యాల వివరణ, దానికి ఏమేమి ఇవ్వాలో, ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే పట్టిక. ఏజెంట్ ముందు ఉండేవి ఇవే. లోపలి కోడ్ దానికి కనిపించదు. ఏ టూల్ తీసుకోవాలి, ఎప్పుడు తీసుకోవాలి, వచ్చిన అంకెను ఏం చేయాలి అన్నదంతా వీటిని చదివే తేల్చుకుంటుంది.

తూకం టూల్‌కు నేను రాసింది ఒకటే వాక్యం. "లాట్ తూకం ఇస్తుంది."

మా వైపు చీనీ వ్యాపారంలో టన్నుకు ఇన్ని కిలోలని తరుగు తీస్తారు. దాన్ని సూటు అంటారు. ఆ రోజు లాట్ కాటా మీద 3,200 కిలోలు తూగింది. టన్నుకు 100 కిలోల సూటు చొప్పున 320 పోతే 2,880. మా టూల్ ఇచ్చేది ఈ 2,880నే. అంటే సూటు పోయిన తూకం. ఆ సంగతి నేను రాయలేదు. పక్కనే సూటు రేటు చెప్పే టూల్ ఇంకొకటి ఉంది. ఏజెంట్ దాన్నీ పిలిచింది. 2,880లోంచి మరో 288 తీసేసింది. ఇది ట్రయల్‌లోనే జరిగింది, గుమాస్తా పట్టేసుకున్నాడు, పట్టీ రైతు చేతికి పోలేదు. కానీ ఆ గుమాస్తా ఆ పూట సెలవులో ఉండుంటే అన్న ఆలోచన నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. సూటే అన్యాయమని రైతులు ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్నారు. నేను రాయని ఒక్క మాట దాన్ని రెండింతలు చేసింది.

కంపెనీవాళ్లు వీడియో కాల్‌లో సరిచేసుకుందామన్నారు. నేనే వస్తానని పట్టుబట్టాను. ఇన్నాళ్లూ కాల్స్‌లో మాట్లాడింది ఇంజనీర్లతో. కోడ్ ఏం చేస్తుందో వాళ్లు చక్కగా చెప్పారు. వాడేవాళ్లు ఎక్కడ తడబడతారో తెలిసినవాళ్లు ఆ ఆఫీసులో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వాళ్ల పక్కన కూర్చోవాలి.

బస్సు రాప్తాడు దాటేసరికి పక్క సీటు పెద్దాయన మాట కలిపాడు. "యాడికి పోతాండావు పాపా?" యలహంకలో కొడుకు దగ్గరికి పోతున్నాడట. నాలుగెకరాల చీనీ తోట ఉందన్నాడు. పట్టీ సంగతి చెప్పకుండా ఊరికే అడిగాను. "పెద్దాయనా, నీ లాట్ 2,880 కిలోలు వచ్చిందంటే ఏమంటావు?"

ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "సూటు పోగానా, సూటు ఉండంగానా?"

పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నాను. తూకం వినగానే రైతు నోట మొదట వచ్చే ప్రశ్న అది. కొత్తగా చేరిన గుమాస్తా కూడా రెండు రోజులు అందరి ముఖాలూ చూసి, మూడో రోజు సేటును అదే అడుగుతాడు. ఏజెంట్ చాలాసార్లు అడగదు. చేతిలో ఉన్న మాటలతో పని ముగించడం దాని అలవాటు. మాటల మధ్య ఖాళీ ఉంటే, అక్కడ ఎక్కువగా ఏముంటుందో దాన్నే పెట్టి పూరించుకుంటుంది. తూకం ఉంది, తరుగు రేటు ఉంది, కాబట్టి తరుగు తీయాలి. లోకంలో ఎక్కువచోట్ల అది సరైన ఊహే.

పెనుకొండ కొండ కనిపించేసరికి వెలుతురు వచ్చింది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికే మార్చుకున్నారు. నాకు రాజధాని కంటే ఈ చుట్టుపక్కల రాళ్ల మీది దాన శాసనాలంటే ఇష్టం. పొలం దానమిస్తే తూర్పున ఏ వాగు, పడమట ఏ గుట్ట అని నాలుగు దిక్కుల ఎల్లలూ చెక్కించేవాళ్లు. కొన్ని పాత శాసనాల్లో భూమిని ఏ గడతో కొలిచారో కూడా ఉంటుంది. ఊరికొక గడ ఉండే కాలం కదా. చెక్కించినవాడు పోతాడు, సాక్షులు పోతారు, చదివేవాడికి అడగడానికి ఎవరూ మిగలరు. వాళ్లు అలాంటి చదువరిని తలుచుకునే రాయించారు. నా కొత్త చదువరి, ఏజెంట్ పరిస్థితీ అంతే. ఇంతకాలం నేను మనుషులకు రాశాను. మనిషికి అర్థం కాకపోతే ఫోన్ చేస్తాడనే ధైర్యం నా ప్రతి వాక్యం వెనకా ఉండేది.

కొడికొండ చెక్‌పోస్టు దాటితే కర్ణాటక. బాగేపల్లి దగ్గర టీకి ఆపారు. బోర్డులు కన్నడం, మాటలు సగం తెలుగు. మొదటిసారి ఈ దారిన వచ్చినప్పుడు నాకు పదమూడేళ్లు. బోర్డు మీద అక్షరాలు మన వాటిలాగే ఉన్నాయని కూడబలుక్కుని "ఊట" అని చదివాను. మా వైపు ఊట అంటే బావిలో ఊరే నీళ్లు. ఇక్కడ అది భోజనం. "తిండి" కూడా అంతే. మనకు ఏది తిన్నా తిండే, వాళ్లకు తిండి అంటే టిఫిన్. బొత్తిగా రాని భాషైతే ఎవరినైనా అడుగుతాం. సగం వచ్చిన భాషలో అడగాలనే తోచదు. మండీ మాటల విషయంలో ఏజెంట్‌ది అచ్చం ఈ స్థితే. లాట్, కాటా, పట్టీ, సూటు అన్నింటికీ దాని దగ్గర ఏదో ఒక అర్థం సిద్ధంగా ఉంటుంది.

హెబ్బాళ్ దగ్గర ముప్పావుగంట ఆగిపోయాం. మెజెస్టిక్‌లో దిగి, గ్రీన్ లైన్ మెట్రోలో జయనగర్ చేరేసరికి పదిన్నర.

ఆఫీసు ఒక మేడ ఇంట్లో. కింద అంతస్తులో, కిటికీ పక్కన, నేను వెతుకుతున్న మనిషి దొరికింది. మదనపల్లె ఆవిడ. మండీల నుంచి వచ్చే ఫోన్లన్నీ ఆరేళ్లుగా ఆమే ఎత్తుతుంది. అందరూ అక్కా అనే పిలుస్తారు. నేను పట్టీ చూపించాను. ఆమె దాన్ని చూసీ చూడగానే "రెండు తూర్లు తీసేసిందా?" అంది. తర్వాత సొరుగులోంచి నాలుగు లాంగ్ నోట్‌బుక్కులు తీసి బల్ల మీద పెట్టింది. ఫోన్‌లో ఎవరు ఏ తేదీన ఏమడిగారో, తను ఏం చెప్పిందో అన్నీ చేతిరాతలో ఉన్నాయి. మొదటి పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. "తూకం సూటు పోగానా? అవును, పోగానే."

నేను రెండేళ్లుగా ఈ కంపెనీకి రాస్తున్నాను. ఆ పుస్తకాలు ఉన్నాయని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ రోజంతా నేను చదువుతూ పోతే ఆమె వివరిస్తూ పోయింది. లాట్ నంబరు ప్రతిరోజూ ఒకటి నుంచి మొదలవుతుంది, కాబట్టి "పదిహేడో లాట్" అంటే తేదీ లేకుండా అర్థం లేదు. నా వివరణలో తేదీ ఇచ్చినా ఇవ్వకపోయినా పర్వాలేదని ఉంది. తేదీని 03-04 అని కొడితే ఏప్రిల్ మూడా, మార్చి నాలుగా? కాయ పేరు దగ్గరకు వచ్చేసరికి ఇద్దరం ఆగిపోయాం. మాకు చీనీ. తెలంగాణలో, కోస్తాలో బత్తాయి. బెంగళూరులో మోసంబి. తోటవాళ్లనడిగితే సాత్‌గుడి. మండీలో ఇవన్నీ ఒకే కాయ. "బత్తాయి లాట్లు చూపించు" అని ఒక గుమాస్తా అడిగితే ఏజెంట్ వెతికి, ఏమీ లేవని చెప్పింది. ఇంకోచోట నెల లెక్క సారాంశం రాస్తూ, మేము ఆంగ్ల అక్షరాల్లో పెట్టిన చీనీని పంచదార అని రాసింది. హిందీలో చీనీ అంటే పంచదారే కదా, దాని తప్పేముంది?  ఈ పేర్ల సంగతేదీ మా టూల్ వివరణలో లేదు.

ఈ అవస్థ మా ఒక్కరిదే కాదు. బెంగళూరులోనే ఉన్న రేజర్‌పే చెల్లింపుల వ్యవస్థలో మొత్తాన్ని పైసల్లో ఇవ్వాలి. 500 రూపాయలు కావాలంటే 50,000 అని పంపాలి. ఆ సంగతి వాళ్ల వివరణల్లో స్పష్టంగా ఉంటుంది. ఉండకపోతే 500 అని పంపిన ఏజెంట్ అయిదు రూపాయలే వసూలు చేసి, పని అయిపోయిందని చెబుతుంది. మా ఆఫీసుకు కాస్త దూరంలో, జేపీ నగర్‌లో ఉన్న షేర్ల బ్రోకరేజీ సంస్థ జెరోధా 2025లో తన కైట్ వేదికకు ఎంసీపీ సర్వర్ తెచ్చింది. ఏజెంట్ మన హోల్డింగ్స్ చూడగలదు, లెక్కలు చెప్పగలదు. వాళ్లు స్వయంగా నడిపే సర్వర్‌లో మాత్రం షేర్లు కొనే, అమ్మే ఆర్డర్ల టూల్స్ ఇవ్వలేదు. అది నాకు చాలా నచ్చింది. ఏ టూల్ చేతికి ఇవ్వకూడదో తేల్చుకోవడం, ఇచ్చినదాన్ని వివరించడం కంటే ముందు జరగాలి.

రెండో రోజు అక్క నన్ను మార్కెట్‌కు తరిమింది. "ఈ పిల్లోడిని కూడా తీసుకుపో. మూడేండ్లుగా కోడు రాస్తా ఉండాడు, మండీ మొహం చూడలేదు" అని ఒక ఇంజనీర్ కుర్రాడిని చూపించింది. 2025 ఆగస్టులో మొదలైన యెల్లో లైన్ మాకు కలిసివచ్చింది. ఆర్‌వీ రోడ్‌లో ఎక్కి, హుస్కూర్ రోడ్ స్టేషన్‌లో దిగి, ఆటోలో సింగేన అగ్రహార పండ్ల మార్కెట్‌కు చేరాం. గేటు దగ్గర నుంచే వాసన. దానిమ్మ, అరటి, బొప్పాయి, వాటి మధ్య మా చీనీ. లారీ నంబరు ప్లేటు చూడకుండానే మా జిల్లాదని తెలిసిపోయింది, క్లీనర్ యాస విని.

ఒక మండీ దగ్గర గంటసేపు నిలబడ్డాం. గుమాస్తా కన్నడంలో పిలుస్తాడు, ఉర్దూలో బేరం చేస్తాడు, తెలుగులో తిడతాడు, ఆంగ్ల అంకెల్లో రాస్తాడు. అతను రాసుకునే కాగితాన్ని కుర్రాడు తదేకంగా చూస్తున్నాడు. లారీ వేబ్రిడ్జి తూకం ఒకటి. క్రేట్లతో కలిపి కాటా తూకం ఒకటి. క్రేటు బరువు పోగా ఒకటి. తరుగు పోగా ఇంకొకటి. నాలుగింటినీ ఆ మండీలో అందరూ ఒకే మాటతో పిలుస్తున్నారు, తూకం అని. ఎవరూ పొరబడటం లేదు. ఎందుకంటే ఆ మాట అనేటప్పుడు ఒకరి చెయ్యి కాటా మీద ఉంటుంది, ఇంకొకరి చెయ్యి పుస్తకం మీద ఉంటుంది.

"టూల్‌కు నేను వెయిట్ అని ఒక్క పేరే పెట్టాను" అన్నాడు కుర్రాడు నెమ్మదిగా.

"నేను దానికి ఒక్క వాక్యమే రాశాను" అన్నాను.

ఆ మధ్యాహ్నం ఆఫీసుకు తిరిగొచ్చి మొదలుపెట్టాం. తూకం టూల్‌ను మూడుగా విడగొట్టాం. ప్రతిదాని పేరులోనే ఏ తూకమో తెలిసేలా పెట్టాం. పేర్లు పొడుగ్గా, వికారంగా వచ్చాయి, అయినా వాటినే ఉంచాం. పట్టీ వేసే తూకానికి ఇలా రాశాను. "ఒక లాట్‌కు సూటు తీసేసిన తర్వాతి తూకాన్ని కిలోలలో ఇస్తుంది. ఈ అంకెలోంచి మళ్లీ సూటు తీయకూడదు. కాటా మీద తూగిన అసలు తూకం కావాలంటే ఈ టూల్ వాడవద్దు, కాటా తూకం టూల్ వాడాలి. సూటు అంటే చీనీ వ్యాపారంలో టన్నుకు ఇన్ని కిలోలని కొనుగోలుదారు తీసుకునే తరుగు." వాడకూడని సందర్భం చెప్పడం నాకు కొత్త. మనుషుల కోసం రాసినప్పుడు ఇది దేనికి పనికొస్తుందో చెబితే సరిపోయేది. పక్కపక్కనే పోలికలున్న పది టూల్స్‌లోంచి ఒకటి ఎంచుకునేవాడికి, ఏది కాదో చెప్పడమే ఎక్కువ సాయం.

సూటును పట్టీలో విడిగా ఒక వరుసలో చూపించాలని కూడా అడిగాను. ఇది వివరణలు రాసేవాళ్ల పని కాదని నాకు తెలుసు. కాటా తూకం ఇంత, సూటు ఇంత, మిగిలింది ఇంత అని కాగితం మీద కనబడితే రైతుకు దేనిమీద పోట్లాడాలో తెలుస్తుంది. ఏజెంట్‌కు కూడా సూటు పోయిందో లేదో తెలుస్తుంది. కంపెనీవాళ్లు ఒప్పుకున్నారు.

తప్పు సందేశాల మీద సగం రోజు పట్టింది. లాట్ దొరక్కపోతే పాత సాఫ్ట్‌వేర్ ఒక అంకె చూపించి ఊరుకునేది. దాన్ని చూసిన ఏజెంట్ అదే టూల్‌ను అలాగే మళ్లీ మళ్లీ పిలుస్తూ పోయేది. ఎంసీపీలో టూల్ విఫలమైతే ఆ కారణాన్ని ఫలితంలోనే మాటల్లో వెనక్కి పంపవచ్చు, ఏజెంట్ దాన్ని చదివి సర్దుకోగలదు. కాబట్టి "ఈ తేదీన 17వ లాట్ లేదు, ఆ రోజు లాట్లు 1 నుంచి 12 వరకే ఉన్నాయి, తేదీ సరిచూడండి" అని మార్చాం. ఇంకో భయం అడ్వాన్సులది. రైతుకు ఇచ్చిన అడ్వాన్సును ఖాతాలో రాసే టూల్ ఉంది. నెట్ మధ్యలో పోతే ఏజెంట్ ఇంకోసారి పిలుస్తుంది, రైతు పేరున అప్పు రెండుసార్లు పడుతుంది. ఇది చదివే పని మాత్రమే, ఇది రాసే పని, ఇది రెండుసార్లు పిలిస్తే రెండుసార్లు జరుగుతుంది అని గుర్తులు పెట్టే వీలు 2025 మార్చి నాటి ఎంసీపీ కూర్పులో వచ్చింది. కానీ అవి సూచనలే, తాళాలు కావు. అందుకని కుర్రాడు కోడ్‌లోనే తాళం వేశాడు. ప్రతి అడ్వాన్సుకూ ఒక సంఖ్య ఉంటుంది, ఆ సంఖ్యతో రెండోసారి వస్తే తీసుకోదు. అన్నింటినీ మాటలతోనే కాపాడాలని పట్టుబట్టకూడదని ఆ పూట నాకు అర్థమైంది.

సాయంత్రాలు పరీక్ష. అక్క పుస్తకాల్లోంచి పందొమ్మిది పాత గొడవలు ఏరి, నా పట్టీని ఇరవైయ్యోదిగా చేర్చాం. ఏజెంట్‌ను ఆ ప్రశ్నలే తెలుగులో, మండీ భాషలో అడిగేవాళ్లం. మొదటి సాయంత్రం ఇరవైలో పదకొండు సరిగ్గా వచ్చాయి. నేను ఉత్సాహంలో రాత్రి కూర్చుని ప్రతి వివరణనూ పెంచేశాను. సూటు చరిత్ర, మండీల అలవాట్లు, నాలుగేసి ఉదాహరణలు. మర్నాడు తొమ్మిదే సరిగ్గా వచ్చాయి. "మళ్లీ సూటు తీయకూడదు" అన్న వాక్యం పేరాగ్రాఫు అడుగున పడిపోయింది. ప్రశ్న అడిగిన ప్రతిసారీ అంత పాఠం దాని ముందుకు వస్తుంటే, అసలు మాట మిగతా మాటల్లో కలిసిపోయింది. సగం కొట్టేశాను. ముఖ్యమైనది మొదటి రెండు వాక్యాల్లోకి తెచ్చాను. మూడో సాయంత్రం పద్దెనిమిది.

మిగిలిన రెండింటిలో ఒకటి నన్ను కదిలించింది. ప్రశ్నలో తేదీ లేకుండా "పదిహేడో లాట్‌కు రైతుకెంత?" అని అడిగాం. అది లెక్క వేయలేదు. "ఏ తేదీ లాట్? నిన్న కూడా పదిహేడో లాట్ ఉంది" అంది. మా జాబితాలో దీన్ని జవాబు రాలేదని తప్పు కింద వేసుకున్నాం. అక్క కళ్లజోడు సర్దుకుని స్క్రీన్ చదివి, "ఇది తప్పేంటమ్మా? నేనైనా అట్లే అడుగుదును కదా" అంది. ఆ గుర్తు కొట్టేసి పందొమ్మిది చేశాం.

ఇరవైయ్యోది నా సంచిలోని పట్టీ. ఉన్నదున్నట్టు మళ్లీ అడిగాం. కాటా తూకం 3,200, సూటు 320, నికర తూకం 2,880, రైతుకు 86,400. ఇందాక తప్పింది వేరే తేదీ ధర తీసుకోవడం వల్లేనని, దాన్ని సరిచేశాక ఇలా వచ్చిందని కుర్రాడు చెబుతున్నాడు. నేను ఆ అంకె వైపే చూస్తూ ఉండిపోయాను.

అయిదో రోజు పొద్దున్నే తిరుగు బస్సు ఎక్కాను. బాగేపల్లి దాటాక ఫోన్ మోగింది. అక్క.

"ఏమ్మా, బస్సులో ఉండావా? ఇప్పుడే ఒక టమాటా మండీ నుంచి ఫోను. సూటు అని వరుస పెట్టినారే, మా కాడ అది లేదు, జాక్‌పాట్ యాడ రాయాల అంటా ఉండాడు."

"జాక్‌పాటా?"

"నూరు బాక్సులకు ఇన్నని ఊరికే తీసేసుకుంటారు కదమ్మా, దాన్నే మా కాడ జాక్‌పాట్ అంటారు. ఇది మన పుస్తకంలో లేదు. ఏజెంటుకు జాక్‌పాట్ అని చెప్తే ఏమనుకుంటుందో ఏమో."

లాటరీ తగిలిందనుకుంటుంది. రైతుకు డబ్బు వచ్చిందని కలుపుతుంది. లాప్‌టాప్ తెరిచాను. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగింది, ఎవరో దిగుతున్నారు. "అక్కా, నూటికి ఎన్ని? బాక్సు ఖాళీ బరువు పోకముందు తీస్తారా, పోగానా?"

"ఉండు, అడిగి చెప్తా" అని ఆమె ఇంకో ఫోన్ ఎత్తింది. నేను లైన్లోనే ఉన్నాను.